బుడంకాయ బెరుకు

బుడంకాయ మల్లవరపులంకలో అడుగు పెట్టిన రోజు కారం పట్టే రోజు. వీర్రాజు పిండిమర ముందు ఎండుమిరపకాయల సంచులు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి వెనక కొంగులూ తువ్వాళ్ళూ ముక్కులకు అడ్డం పెట్టుకుని జనం. ఒకరు తుమ్మితే పక్కవాళ్ళు అందుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే మూగజీవాల షెల్టరు వ్యాను వచ్చి ఆగింది.

అందులోంచి దిగిన డాక్టర్ నఫీసా "నమస్కారం" అనబోయి తుమ్మింది. మళ్ళీ అనబోయి మళ్ళీ తుమ్మింది.

"ఇవాళ వద్దంటే ఇంకో రోజు వచ్చేదాన్ని కదండీ!" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"రేపొస్తే మినప్పిండండీ మేడంగారూ. తుమ్ములుండవు గానీ తెల్లగా అయిపోయి ఎల్తారు," అన్నాడు వీర్రాజు.

వ్యానులో బోను, బోనులో వెనక మూలకు అతుక్కుపోయి ఒక కుక్క. పసుపుపచ్చ ఒళ్ళు, దాని మీద నల్లటి చారలు. ముక్కు మీద వెంట్రుకలు ఊడి చర్మం ఎర్రగా ఉంది. దాన్ని పెంచినవాళ్ళు ఇల్లు మారుతూ, ఖాళీ ఇంటి పెరట్లో గొలుసుతో కట్టేసి వదిలేసి వెళ్ళిపోయారట. ఇరుగుపొరుగు వాళ్ళు చూసి షెల్టరుకి కబురు పెట్టారు. షెల్టరులో పడ్డాక అది రోజంతా జాలీకి ముక్కు రుద్దుకుంటూ నిలబడేది. అందుకే ఆ పుండు.

వీర్రాజు అక్క సత్తెమ్మ బోనులోకి తొంగి చూసి, "ఇదేంటే, బుడంకాయకి కాళ్ళొచ్చినట్టుంది!" అంది. అప్పటిదాకా దానికి షెల్టరు వాళ్ళు ఇచ్చిన నెంబరు తప్ప పేరు లేదు. ఆ క్షణం నుంచి అది బుడంకాయ అయిపోయింది.

దాన్ని ఇంటికి రప్పించింది వీర్రాజు కూతురు సుభాషిణి. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. దిక్కులేని కుక్కల్నీ పిల్లుల్నీ కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుని, మనుషులకు మచ్చిక చేసి, ఎవరైనా శాశ్వతంగా తీసుకెళ్ళేదాకా సాకేవాళ్ళు కావాలని షెల్టరు వాళ్ళు అడుగుతున్నారని ఫోనులో చూసింది. ఇష్టమైతే ఒక మెసేజీ పెడితే చాలన్నారు. నోరు విప్పి మాట్లాడాల్సిన పని లేదు. అదే ఆమెకు ధైర్యం ఇచ్చింది.

సుభాషిణికి మనుషులంటే బెరుకు. తెలిసినవాళ్ళయినా సరే, కుర్చీలో కూర్చుని తన వైపు చూసి ఒక మాట అడిగితే చాలు, గొంతు ఎండిపోతుంది. "పేరుకే సుభాషిణి. దీని నోట్లోంచి భాష ఊడిపడాలంటే పొక్లెయిను తేవాలి," అనేది సత్తెమ్మ. కానీ మర దగ్గర మాత్రం పిల్ల హుషారుగా తిరిగేది. ముక్కూ మూతీ కప్పేలా ముఖానికి గుడ్డ చుట్టుకుని, పిండి రాలే జల్లి కింద డబ్బా పెట్టి, పిండి పట్టి ఇచ్చేది. ఆ గుడ్డ వెనక తనని ఎవరూ చూడరు. వాళ్ళ చూపంతా పిండి మీదే.

నఫీసా మర పక్కన వసారాలో కూర్చుని చిన్న పెట్టె తెరిచింది. అందులో రెండు పట్టీలు ఉన్నాయి. ఒకటి సుభాషిణి ఎడమ మణికట్టుకి చుట్టింది. రెండోది, బోనులో చెయ్యి పెట్టి, ఎంతో ఓపికగా బుడంకాయ మెడకి తగిలించింది.

"ఇవి జంట పట్టీలు. నీ గుండె ఎలా కొట్టుకుంటే దీని మెడ దగ్గర అలా మెత్తగా తడుతూ ఉంటుంది. తల్లి పొట్టకి ఆనుకుని పడుకున్న కుక్కపిల్లకి తెలిసినట్టు తెలుస్తుంది. అది భయపడిందనుకో, నీ మణికట్టు వెచ్చబడుతుంది. ఊరిలో ఎక్కడున్నా పని చేస్తాయి. కాలవ దాటితే అందవు."

సుభాషిణి తలూపింది. ఇంతలో కరెంటు వచ్చింది. వీర్రాజు మర వేశాడు.

బెల్టు ఫటఫటలాడింది. రేకుల కప్పు అదిరింది. బోనులో బుడంకాయ నిలువునా వణికిపోయింది. సుభాషిణి మణికట్టు కుంపటికి ఆనించినట్టు కాలింది. ఆమె ఉలిక్కిపడలేదు. ఆ చప్పుడులో పుట్టిన పిల్ల అది. పసితనంలో మర ఆగితే నిద్ర లేచి ఏడ్చేదట. ఆమె బోను పక్కన నేల మీద చతికిలబడి, గోడకి జారగిలబడి, ఎప్పటిలాగే ఊపిరి తీసుకుంది. గుండె తన దారిన తను కొట్టుకుంటోంది.

కుక్క చెవులు కాస్త లేచాయి. అది తన మెడ వైపు తల తిప్పి చూసుకుంది. వణుకు ముందు వెనక కాళ్ళలో తగ్గింది, తర్వాత వీపు మీద. మిరపకాయలు సగం పట్టేసరికి అది కడుపు నేలకి ఆనించి పడుకుంది. మణికట్టు చల్లబడింది.

"చూశారా?" అంది నఫీసా. ఆమె ముఖం వెలిగిపోతోంది. "మేం దానికి ప్రశాంతతని పంపిస్తున్నాం."

"మేడంగారూ, అలాంటిదొకటి మా తమ్ముడి మెడకి కూడా కట్టండి," అంది సత్తెమ్మ. "కరెంటు పోయినప్పుడల్లా ఊరంతటినీ తిడతాడు."

*

ఎండలు ముదిరేకొద్దీ బుడంకాయ ఆ ఇంట్లో కలిసిపోయింది. దాని ముక్కు మీద పుండు మానింది. మర దగ్గరికి ఎవరొచ్చినా పట్టించుకోకుండా సంచుల మధ్య పడుకునేది. వాళ్ళ కాళ్ళు తోక మీద పడితే "నీదే తప్పు" అన్నట్టు చూసి పక్కకి జరిగేది. బియ్యప్పిండి రోజు తెల్లకుక్క, కారం రోజు తుమ్ముల కుక్క. సుభాషిణి కాలవ గట్టుకి నడిచి వెళితే నీడలా వెంట వెళ్ళేది. దానితో మాత్రం ఆ పిల్ల గలగలా మాట్లాడేది. గట్టు మీద గేదెలు కాసుకునేవాళ్ళు ఆ మాటలు విని, వీర్రాజు కూతురికి మాటలు వచ్చునని ఊళ్ళో చెప్పారు. ఎవరూ నమ్మలేదు.

అయితే ఆ పట్టీ ఊరికే ఏదీ ఇవ్వదు. పెరటి తలుపు గొలుసు గలగలమంటే బుడంకాయకి పాత పెరడు గుర్తొచ్చేది కాబోలు, సుభాషిణి మణికట్టు భగ్గుమనేది. వెంటనే ఆమె దాని దగ్గరికి వెళ్ళి కూర్చునేది. కొన్నాళ్ళకి కుక్కలో ఆ బెదురు తగ్గింది కానీ, సుభాషిణికి మొదలైంది. ఎవరో ఆవుని తోలుకెళ్తుంటే గొలుసు చప్పుడుకి చేతిలో చెంబు జారవిడిచింది. ఖాళీ ఇల్లు కనిపిస్తే గుండె బరువెక్కేది. తనని ఎవరూ ఎక్కడా వదిలేయకపోయినా, వదిలేస్తే ఎలా ఉంటుందో ఇప్పుడు ఆమె ఒంటికి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. బుడంకాయ మోసిన బరువులో తనదీ ఒక చెయ్యి అనుకుని ఊరుకుంది.

బుడంకాయని చూసుకోవడానికి మొదటిసారి మనుషులొచ్చారు. పట్నం నుంచి భార్యాభర్తలు, ఇద్దరూ బ్యాంకులో పని చేస్తారట. వాకిట్లో కారు ఆగగానే తల్లి మాలక్ష్మి అలవాటుగా, "భాషీ, నువ్వు లోపలికి పో అమ్మా, నేను చూసుకుంటాను," అంది. సుభాషిణి వంటింటి తెర వెనక్కి వెళ్ళింది. ఆ ఇంట్లో చుట్టాలొస్తే ఎప్పుడూ జరిగేది ఇదే. కూతురు ఇబ్బంది పడడం మాలక్ష్మి చూడలేకపోయేది. ఎవరైనా అడిగితే స్నానం చేస్తోందనో, నిద్రపోతోందనో చెప్పేది.

వచ్చినవాళ్ళు వసారాలో కుర్చీల్లో కూర్చున్నారు. అంతవరకూ గుమ్మం దగ్గర బద్ధకంగా పడుకున్న బుడంకాయ ఒక్క ఉదుటున లేచి, నులకమంచం కిందకి దూరి, గోడకి అతుక్కుపోయింది. ఎంత పిలిచినా రాలేదు. బిస్కెట్టు పెడితే చూడలేదు.

"మనుషులంటే పడదేమో," అని వాళ్ళు లేచి వెళ్ళిపోయారు.

తర్వాత ఒక రిటైరైన మాస్టారు వచ్చాడు. అదే వరస. ఆయన కుర్చీలో కూర్చోవడం, బుడంకాయ మంచం కింద దూరడం.

నఫీసాకి అంతు పట్టలేదు. "మర దగ్గరికి రోజూ అంతమంది వస్తారు, తోక తొక్కినా ఊరుకుంటుంది. మరి ఒక్క మనిషి కుర్చీలో కూర్చుంటే దీనికేమవుతోంది?" అని తల పట్టుకుంది.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. వానలు పడే నాటికి నఫీసా చేస్తున్న ఈ పట్టీల ప్రయోగం ముగుస్తుంది. అప్పటికి ఏ ఇంటికీ వెళ్ళని కుక్కలు మళ్ళీ షెల్టరు బోనులకి వెళ్ళాలి. అవి ఇళ్ళల్లో ఇమడవని తేల్చేసి, ఇక ఎవరికీ చూపించరు. సాకేవాళ్ళే ఉంచేసుకుందామంటే కుదరదు. ముందే ఒప్పుకున్న షరతు అది. సాకే ఇల్లు నిండిపోతే వెనక బోనులో ఉన్న ఇంకో ప్రాణికి చోటుండదు. ఆ మాట సుభాషిణికీ న్యాయంగానే తోచింది. కానీ జాలీకి ముక్కు రుద్దుకుంటూ నిలబడే బుడంకాయని తలుచుకుంటే ఆమెకి అన్నం సయించేది కాదు.

నఫీసా ఒక రోజంతా వసారాలోనే పరీక్షలు పెట్టింది. కుర్చీ తప్పేమోనని కుర్చీ మార్చింది. సెంటు వాసన పడదేమోనని సత్తెమ్మకి సెంటు కొట్టింది. బూట్లకి భయపడుతోందేమోనని వీర్రాజు పెళ్ళినాటి బూట్లు ఆవిడ కాళ్ళకి తొడిగి, అతిథిలా వచ్చి కూర్చోమంది.

సత్తెమ్మ దర్జాగా నడిచొచ్చి కూర్చుని, కాలు మీద కాలేసుకుంది. "ఏవండీ, ఇంట్లో కుక్క ఉందన్నారు, ఏదీ? కాఫీ కూడా ఉందా, కుక్క ఒక్కటేనా?"

తెర వెనక సుభాషిణి నోరు నొక్కుకుని నవ్వింది. బుడంకాయ తోకాడిస్తూ వచ్చి బూట్లు నాకింది.

"బూట్లు కాదు, సెంటు కాదు, కుర్చీ కాదు," అంది నఫీసా నీరసంగా.

*

ఆ వారంలోనే బడి హెడ్మాస్టారు ఇంటికి వచ్చారు. సుభాషిణి లెక్కల్లో బళ్ళో అందరికన్నా ముందుందని చెప్పి మెచ్చుకోవడానికి. వాకిట్లో ఆయన గొంతు వినపడగానే మాలక్ష్మి చూపుతోనే కూతుర్ని లోపలికి పంపించింది.

సుభాషిణి వంటింట్లో నిలబడి కిటికీలోంచి పెరట్లోకి చూసింది. బుడంకాయ అక్కడ కుళాయి కింద తడిమట్టిలో పడుకుని ఉంది. దానికి వసారా కనపడదు. గాలి అటునుంచి ఇటు వీస్తోంది కాబట్టి మనిషి వాసన కూడా తగలదు. మర తిరుగుతోంది కాబట్టి పెరట్లోకి మాటలూ వినపడవు. హాయిగా కళ్ళు మూసుకుని ఉంది.

"అమ్మాయి ఏదండీ? ఒకసారి పిలవండి," అన్నారు మాస్టారు వసారాలో.

సుభాషిణి గుండె దడదడలాడింది. పెరట్లో బుడంకాయ దిగ్గున లేచి, ఇటూ అటూ చూసి, గంగాళం వెనక దాక్కుంది.

ఆ పిల్ల కదలకుండా నిలబడిపోయింది. కాసేపటికి నేల మీద కూర్చుంది. కళ్ళు మూసుకుని మర చప్పుడు వింది. నెమ్మదిగా గుండె కుదుటపడింది. లేచి చూస్తే గంగాళం పక్కనుంచి చారల మూతి బయటికొచ్చింది.

"స్నానం చేస్తోందండీ," అని తల్లి చెబుతోంది.

"పోనీలెండి, వచ్చేదాకా కూర్చుంటాను," అన్నారు మాస్టారు.

మళ్ళీ దడ. మళ్ళీ మూతి మాయం.

అప్పుడు అర్థమైంది సుభాషిణికి. అతిథులంటే బుడంకాయకి ఏ భయమూ లేదు. భయమంతా తెర వెనకదే. కారణం కనపడని భయం కాబట్టే అది అలా మూలలు వెతుక్కుంటోంది. ఇన్నాళ్ళూ అందరూ వసారాలో వెతికారు. వంటింట్లోకి ఎవరూ తొంగి చూడలేదు.

మర్నాడు ఆమె సత్తెమ్మని తోడు తీసుకుని, బుడంకాయతో సహా షేర్ ఆటోలో షెల్టరుకి వెళ్ళింది. కుక్కల బోనుల వెనక ఒక రేకుల షెడ్డే నఫీసా ప్రయోగశాల. బల్ల మీద నాలుగు కంప్యూటర్లు, వాటి మీద ఎలకలు కొరికిన తీగలు. చాలాసేపు సుభాషిణి ఆ తీగల్నే చూస్తూ నిలబడింది. బుడంకాయ బల్ల కింద దూరింది.

"చెప్పమ్మా," అంది నఫీసా.

"అది... నా బెరుకండి," అంది సుభాషిణి. మిగతాది ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. కుళాయి, గంగాళం, హెడ్మాస్టారు, తెర.

నఫీసా కంప్యూటరులో పాత గీతలు తెరిచింది. అతిథులొచ్చిన రోజుల్లో కుక్క గుండె ఎగిరిపడిన చోటల్లా, దానికి రెప్పపాటు ముందు సుభాషిణి గుండె ఎగిరిపడింది. నఫీసా వాళ్ళు ఎప్పుడూ కుక్క గీతనే చూశారు. పక్కనున్న మనిషి గీతని చూడాలని ఎవరికీ తోచలేదు.

నఫీసా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మొట్టమొదటి పట్టీ నేనే కట్టుకున్నాను. గౌరి అని ఒక కుక్క. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్న రోజులవి. గౌరి అన్నం ముట్టలేదు. కడుపులో జబ్బేమోనని మందులు వేశాను, సూదులు పొడిచాను. ఒకటే అనుకున్నాను, నేను బాగానే ఉన్నాను కదా, పనికి వస్తూనే ఉన్నాను కదా అని." ఆమె బల్ల కింద ఉన్న బుడంకాయ వైపు వంగి చూసింది. "ప్రశాంతతని పంపిస్తున్నాం అనుకున్నామమ్మా. మనుషుల్ని పంపిస్తున్నాం. ఎలా ఉన్నవాళ్ళని అలాగే."

"గౌరి ఉందా మేడం?" అంది సుభాషిణి మెల్లగా.

"ఉంది. మా ఇంట్లోనే. ఇప్పుడు మా ఇంటిల్లిపాదికన్నా అదే ఎక్కువ తింటుంది."

సత్తెమ్మ హమ్మయ్య అని ఊపిరి వదిలింది.

నఫీసా పట్టీ ఆపి చూసింది. బుడంకాయ ఒక్కసారిగా దారి తప్పినదానిలా షెడ్డంతా తిరిగి, తలుపు జాలీకి ముక్కు ఆనించి నిలబడింది. సుభాషిణి చూడలేక, "వద్దండీ, పెట్టేయండి," అంది. ఇంకా కొన్నాళ్ళు ఆ తోడు దానికి అవసరమే.

"పట్టీ మీ అమ్మకి కడదామంటే మళ్ళీ మొదటి నుంచీ రావాలి. వానలు దగ్గరకొచ్చేశాయి," అంది నఫీసా. "రూతమ్మ గారని ఒకావిడ చూస్తానన్నారు, వచ్చే ఆదివారం. ఆవిడ తర్వాత ఎవరూ లేరు."

"నేను బయట కూర్చుంటే?" అంది సుభాషిణి.

"కూర్చుంటే సరిపోదమ్మా. పైకి ధైర్యం నటించొచ్చు. గుండెకి నటన రాదు."

*

ఇంటికొచ్చి చెప్పాక మాలక్ష్మి ముఖం మాడ్చుకుంది. బియ్యం చాటలో పోసి, రాళ్ళు లేకపోయినా ఏరుతూ కూర్చుంది.

"నేను నిన్ను దాచింది నువ్వు బాధపడకూడదని," అంది చివరికి. "చిన్నప్పుడు ఎవరైనా పలకరిస్తే నా కుచ్చిళ్ళు పట్టుకుని వణికిపోయేదానివి. ఆ చేతులు ఇప్పటికీ నా కాళ్ళకి తెలుస్తాయి. తప్పు చేశానా?"

"లేదమ్మా. వెళ్ళమన్నప్పుడల్లా నాకు హాయిగానే ఉండేది," అంది సుభాషిణి. "ఈసారి మాత్రం వెళ్ళమనకు."

"దడ పుడితే?"

"పుడుతుంది. అయినా వెళ్ళమనకు."

ఆదివారం దాకా ఆ ఇంట్లో జరిగిన తంతు అంతా ఇంతా కాదు. సత్తెమ్మ రోజుకొక అతిథి అవతారం ఎత్తేది. "ఏం పిల్లా, ఎన్నో క్లాసు? ఎన్ని మార్కులు? అన్నీ నీకేనా, పక్కవాళ్ళకేమన్నా మిగిల్చావా?" సుభాషిణి పకపకా నవ్వేది, బుడంకాయ గుండ్రంగా తిరిగేది. సత్తెమ్మ ముందు నవ్వడం ఎవరికైనా వచ్చు. ఒకసారి మర దగ్గరికి వచ్చిన కొత్తావిడని ముఖానికి గుడ్డ లేకుండా పలకరించబోయింది. "ఏం పిండండీ" అనే రెండు మాటలకి చెమటలు పట్టాయి. మర కింద బుడంకాయ చెవులు వేలాడేసింది. ఆవిడకి ఇదంతా తెలియదు. "శనగపిండమ్మా, మెత్తగా పట్టు," అని నవ్వింది. ఆ నవ్వుని సుభాషిణి రోజంతా తలుచుకుంది.

ఆదివారం రూతమ్మ వచ్చింది. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, చెల్లెలితో కలిసి ఉంటుంది. ఆటో దిగుతూనే మాట్లాడడం మొదలుపెట్టింది. ఎండ గురించి, ఆటో సీటు గురించి, దారిలో గోతుల గురించి. నఫీసా వెనకే వచ్చింది కానీ ఆవిడకి మాట కలిపే సందు దొరకలేదు.

మాలక్ష్మి నోరు తెరిచింది. కూతురి వైపు చూసి మూసేసుకుంది.

సుభాషిణి వసారాలో, రూతమ్మ కుర్చీకి ఎదురుగా పీట మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వేనా అమ్మా దీన్ని సాకింది? ఏం పేరు? ఏం చదువుతున్నావు? కుక్కేదీ?"

సుభాషిణి చెవుల్లో గుండె మోగుతోంది. గుమ్మం దగ్గర బుడంకాయ లేచింది, మంచం కిందకి దూరింది, గోడకి అతుక్కుంది. మణికట్టు కాలిపోతోంది. తన భయం దానికి, దాని భయం మళ్ళీ తనకి.

"అయ్యో, నన్ను చూసి జడుసుకుందా?" అంది రూతమ్మ. ఆవిడ ముఖం వాడిపోయింది. "నా గొంతు పెద్దది. ఆసుపత్రిలో కూడా అనేవారు." చేతిసంచీ ఒళ్ళోకి తీసుకుంది, లేవబోయే మనిషిలా.

సుభాషిణి నఫీసా వైపు చూసింది. మర ఆగి ఉంది, ఆదివారం కదా. వినడానికి ఇంకే చప్పుడూ లేదు.

"అది మీకు భయపడట్లేదండీ," అంది సుభాషిణి.

రూతమ్మ ఆగింది.

"నేను భయపడుతున్నాను. నాకు... కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే చేతకాదండీ. గుండె కొట్టుకుంటుంది. ఈ పట్టీ వల్ల అది దానికి తెలిసిపోతుంది. కుక్క మంచిదేనండీ. భయం నాది."

ఒక్క గుక్కలో అన్ని మాటలు కొత్త మనిషితో ఆమె ఎన్నడూ అని ఎరగదు. చెప్పేశాక ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఏదో బరువైన డబ్బా కిందికి దించినట్టు భుజాలు తేలికయ్యాయి.

రూతమ్మ సంచీ పక్కన పెట్టింది. మొదటిసారి గొంతు తగ్గించింది. "ఇప్పుడు కూడా భయంగా ఉందా?"

"ఉందండీ. ఇందాకటంత లేదు."

"నా సంగతి చెప్పనా? నేను భయమేస్తేనే ఇంత మాట్లాడతాను. నాకు కుక్కని పెంచడం రాదు. ఇది నన్ను కాదంటుందేమోనని దారంతా ఆటో అతని బుర్ర తినేశాను. పాపం, దిగగానే పారిపోయాడు."

సుభాషిణి నవ్వింది. నవ్వాలని కాదు, వచ్చేసింది. "అన్నంలో పెరుగు కలిపితే చాలండీ. మజ్జిగ పోస్తే మాత్రం ముఖం తిప్పుకుంటుంది. తల నిమిరితే ఇష్టం ఉండదు, గడ్డం కింద గీరాలి. గొలుసు మాత్రం ఎప్పుడూ కట్టకండి. ఎప్పుడూ..."

చెబుతూ ఉంటే ఇంకా చెప్పాలనిపించింది. పిండిలో దొర్లడం, తుమ్ములు, కాలవ గట్టు మీద కప్పల్ని చూసి మొరగడం. రూతమ్మ మధ్యలో అడుగుతోంది, సుభాషిణి జవాబిస్తోంది. మాలక్ష్మి తెచ్చిన కాఫీ గ్లాసులు చల్లారిపోయాయి. మణికట్టు ఎప్పుడు చల్లబడిందో సుభాషిణి గమనించనే లేదు. రూతమ్మ ఉన్నట్టుండి మాట ఆపి కిందకి చూసేసరికి, చారల మూతి ఒకటి ఆవిడ చెప్పు మీద ఆని ఉంది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అంది రూతమ్మ గుసగుసగా.

"గడ్డం కిందండీ."

*

తీసుకెళ్ళే రోజు రూతమ్మ ఆటో మాట్లాడుకుని వచ్చింది. సీటు మీద పాత దుప్పటి పరిచి తెచ్చింది. సుభాషిణి ఎత్తి ఎక్కిద్దామనుకునేలోపే బుడంకాయ దానంతటదే ఎక్కి, దుప్పటిని పళ్ళతో సర్దుకుని కూర్చుంది.

"దాని పట్టీ వచ్చే వారం నేను వెళ్ళి తీసేస్తాను, ఇక దానికి అక్కర్లేదు," అంది నఫీసా. "నీది ఇప్పుడే తీసెయ్యనా? నీకు బాధగా ఉంటే దానికి తెలుస్తుంది."

సుభాషిణి ఆలోచించింది. "కాలవ దాటేదాకా ఉండనివ్వండి మేడం. దారిలో అది భయపడితే?"

"ఏడవకుండా ఉండగలవా?"

"ఏడవకుండా ఉంటే సరిపోదు కదండీ. గుండెకి నటన రాదన్నారు." ఆమె మణికట్టు రెండో చేత్తో పట్టుకుంది. "నిజంగానే సంతోషంగా ఉండాలి. ఉన్నానో లేదో చూసుకుంటాను."

ఆటో కదిలింది. సత్తెమ్మ కొంగు కళ్ళకి అద్దుకుంటూ, "బుడంకాయా, మజ్జిగ పోస్తే కరిచెయ్యి!" అని అరిచింది. రూతమ్మ ఏదో అనడం, దానికి ఆటో అతను గట్టిగా నవ్వడం వినిపించింది.

సుభాషిణి గేటు పట్టుకుని నిలబడింది. కళ్ళు మూసుకుని వెతికింది తనలో. పట్టుకుని ఏడవాలనిపించే మూల ఒకటి ఉంది. దాని పక్కనే దుప్పటి పరిచిన సీటు, గడ్డం కింద గీరే ఒక ముసలి చెయ్యి, గొలుసు లేని గుమ్మం. వాటిని చూస్తూ నిలబడింది. గుండె తన దారిన తను కొట్టుకుంది.

ఆటో రోడ్డెక్కింది. మణికట్టు చల్లగానే ఉంది. వంతెన దగ్గర లారీ హారను కొట్టింది. కొద్దిగా వెచ్చబడింది. సుభాషిణి ఊపిరి పీల్చి వదిలింది. మళ్ళీ చల్లబడింది. ఆటో కాలవ వంతెన ఎక్కింది. అవతల దిగింది. ఆమె పట్టీలో వెలుగుతున్న చిన్న దీపం రెపరెపలాడి ఆరిపోయింది.

ఆ ఒక్క హారను తప్ప, చివరిదాకా దానికి భయం వెయ్యలేదు.

"అయిపోయిందమ్మా. దానికి ఇంక అందదు," అంది నఫీసా.

"అందదు కదండీ?"

"అందదు."

అప్పుడు సుభాషిణి తల్లి భుజం మీద తల పెట్టుకుని, ఎవరికీ ఏ హానీ లేకుండా, తనివితీరా ఏడ్చింది.